హారన్ లేని ఊరు

ట్రామ్ కదిలినట్టు నాకు తెలియలేదు. కిటికీ అవతల పూలకొట్టు వెనక్కి జరిగితే తెలిసింది. ఈ ఊళ్లో అన్నీ ఇంతే, నిన్న పొద్దుట దిగినప్పటి నుంచీ చూస్తున్నాను, తలుపులు మూసుకున్నా చప్పుడు రాదు, బస్సు వచ్చి పక్కనే ఆగినా తల తిప్పి చూస్తే తప్ప తెలియదు, రోడ్డు నిండా కార్లున్నా ఒక్కడూ హారన్ కొట్టడు. పసిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు నడుస్తారు ఊరంతా. ఈ ట్రామ్ ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి దాదాపు గంట పడుతుందని హోటల్లో తాళాలిచ్చే అమ్మాయి చెప్పింది. ఆ కొసన ఇల్లుబండ్లు అద్దెకిచ్చే యార్డు ఉంది. బండి పేరు మోటర్‌హోమ్, మా ఇంట్లో మాత్రం ఇల్లుబండి. అది తీసుకుని మేం నలుగురం ఈ దేశం మీద పడతాం, అంటే మా ఆయన, నేను, మా మరిది, తోడికోడలు. నడిపేది మా ఆయన. ఆయన్ని ఇంటా బయటా అందరూ పైలట్ అంటారు. ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సు నడిపినన్నాళ్లూ వెనక కూర్చున్నవాళ్ల నిద్ర చెడేలా ఒక్క బ్రేకూ వేయలేదని ఎవరో పెట్టిన పేరు. పెళ్లయిన కొత్తలో విని నవ్వాను, తర్వాత నేనూ మనసులో అలాగే పిలుచుకోవడం అలవాటైంది. పైలట్ ఇప్పుడు నా ఎదురు సీట్లో, కిటికీ తన ఎడమ భుజానికి ఆనుకునేలా కూర్చున్నారు. ఊరంతా ఆ కిటికీలోంచే పోతోంది. ఆయన మాత్రం కుడివైపు, నడవలో నిలబడ్డ జనాన్ని చూస్తున్నారు. చివరి స్టాపు వచ్చేలోగా నేనొక సంగతి తేల్చుకోవాలి. ఈయనకు ఎడమవైపు కనబడుతోందా, లేదా.

తేల్చుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. డెయిరీ ల్యాబులో చేరిన కొత్తలో మా సీనియర్ కెమిస్టు చెప్పారు, కళ్లతో చూసింది రాయి, మనసులో అనుకున్నది రాయకు అని. పాల ట్యాంకరు వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది, డ్రైవరు తొందరపెడుతుంటాడు, మూత తీయగానే ముక్కుకు తెలిసిపోతుంది పాలు పులిశాయని, అయినా ముక్కు చెప్పింది రాయకూడదు. పాలు గాజు పాత్రలో తీసుకుని, మందు చుక్క చుక్కగా వదులుతూ, రంగు ఎక్కడ తిరుగుతుందో అక్కడ ఆపి, అప్పుడు రాయాలి. ఒకసారి తిరిగిన రంగును నమ్మకూడదు, మళ్లీ చేయాలి. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే, చెప్పింది చెప్పినట్టు పట్టుకుంటేనే ఇక్కడిదాకా వచ్చాను, వేరేలా చేస్తే ఎక్కడ తేలతానో నాకే తెలియదు. అత్తగారింట్లో కూడా కాగితమంటూ ఏది వచ్చినా నా చేతిలోకే వచ్చి పడుతుంది. ఈ ప్రయాణం పనులన్నీ నేనే చూశాను. బయటి దేశంలో బండి నడపడానికి ఆయనకు పర్మిట్ తీసుకుందామని వెళ్తే, ఆఫీసులో గుమాస్తా, మీకూ లైసెన్సు ఉంది కదమ్మా, ఎలాగూ వచ్చారు, మీదీ ఇచ్చేయండి, అన్నాడు. చెప్పాడు కదా అని ఇచ్చేశాను. అంతకుమించి అందులో ఆలోచనేమీ లేదు. నేను మా చిన్నకారు వేసుకుని డెయిరీకి వెళ్లొస్తుంటాను గానీ, ఆయన పక్కనుంటే స్టీరింగు ఆయనదే. ఇలా ఉండాలని ఎవరూ అనలేదు. అన్నంలో ముద్ద ఎవరు కలుపుకోవాలో ఎవరూ చెప్పరు కదా, అలా.

కిటికీలో మేడలు పోతున్నాయి, అన్నీ ఒకే ఎత్తు, తాడు పట్టి కోసినట్టు. కిటికీలకు ఊచలు లేవు. నిన్న వీధిలోకి దిగగానే నేను మొదట చూసింది అదే, ఊచల్లేని కిటికీలు, ఎవరైనా చేయి చాపితే లోపలి దీపం అందేలా. తోడికోడలు చూసింది వేరు. "అక్కా, ఇంత పెద్ద ఊళ్లో ఎక్కడా ఒక్క బట్టయినా ఆరేసి లేదేంటి?" అంది. మరిది ఊరుకుంటాడా, "ఉతికితే కదే ఆరేసేది," అన్నాడు. ఎర్రదీపం పడితే జనం నిలబడిపోయారు, రోడ్డు మీద పిల్లి కూడా లేదు, అయినా నిలబడ్డారు, మేమూ నిలబడ్డాం. ఆకాశం పలకలా ఉంది. ఎదురొచ్చే మనిషి మన కళ్లలోకి చూసి సన్నగా నవ్వి వెళ్లిపోతాడు, ఆ నవ్వు మనకోసం కాదు, దారి కోసం. నేను ఇవన్నీ చూస్తున్నాను, కొత్త ఊరు వచ్చినవాళ్లు చూడాలి కాబట్టి చూస్తున్నాను, అప్పుడే నా ముందు నడుస్తున్న పైలట్ ఎడమ భుజం దీపస్తంభానికి కొట్టుకుంది. చిన్న స్తంభం కాదు, నడుమంత లావు, ఆకుపచ్చ రంగు వేసి ఉంది. "ఏంటయ్యా ఈ ఊరు, మనుషులు నడిచే దార్లో పాతారు!" అన్నారు ఆయన భుజం రుద్దుకుంటూ. "పైలట్‌కి నడపడమే వచ్చు వదినా, నడవడం ఎక్కడ వచ్చు," అన్నాడు మరిది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. తర్వాత టీ తాగుదామని ఒక కొట్లో కూర్చుంటే, వడ్డించే అమ్మాయి కప్పులు పెట్టి వెళ్లింది, మేం ముగ్గురం తాగేస్తున్నాం, ఆయన చేతులు కట్టుకుని కూర్చుని, కాసేపటికి, "నాకు చెప్పలేదేంట్రా?" అన్నారు. కప్పు ఆయన ఎడమ మోచేతి పక్కనే ఉంది. మీగడ కట్టి ఉంది. "ఇక్కడే ఉంది కదా బావగారూ," అని తోడికోడలు ముందుకు జరిపింది. "ఇంత బుల్లి కప్పు ఇస్తే ఏం కనబడుతుందమ్మా," అన్నారు. నేను నవ్వలేదు అప్పుడు. ఏమీ అనుకోనూ లేదు, కప్పు మీద మీగడ చూశాను, అంతే.

మూడోది సైకిలు. సాయంత్రం హోటలుకు తిరిగి వస్తుంటే ఎడమ నుంచి వచ్చింది, ఎవరో పెద్దావిడ, బుట్టలో ఆకుకూర కట్ట, చప్పుడు లేకుండా వచ్చి, ఈయన ఆగుతారనుకుని ఆగకపోయేసరికి సైకిలు పక్కకు కోసి, కాలు నేల మీద ఆనించి, ఏదో అంది. కోపంగా కాదు. ఏమైందని అడిగినట్టు. చక్రం ఆయన ప్యాంటుకు రాసుకున్నాక గానీ ఆయన ఉలిక్కిపడలేదు. "బెల్లు కొట్టచ్చుగా," అన్నారు మాతో. నిజమే, ఆవిడ బెల్లు కొట్టలేదు. ఇక్కడ ఎవరూ కొట్టరు, ఎందుకంటే ఇక్కడ అందరూ చూసుకుంటారు. మా ఊళ్లో చూడం, వింటాం. లారీ వెనక రాసి మరీ అడుగుతారు హారన్ కొట్టమని. ఎడమ నుంచి ఆటో వస్తే అది ముందు చెవిలోకి వస్తుంది, తర్వాత కంట్లోకి. కంట్లోకి రాకపోయినా పని జరిగిపోతుంది. నిన్న రాత్రి పక్క మీద పడుకోగానే ఈ మాట తట్టింది, తట్టగానే నిద్ర పట్టేసింది, రెండు రోజుల ప్రయాణం, పొద్దున్న లేచి పళ్లు తోముకుంటుంటే ఆ మాట అక్కడే నిలబడి ఉంది. మా ఊరు మొత్తం కలిసి హారన్లు కొడుతూ ఆయనకొక కన్నుగా ఉందేమో. ఈ ఊరు అది తీసేసింది.

వంతెన మీదికొచ్చాం. కింద నది, బూడిద రంగు, పడవ మీద ఎవరో బకెట్టుతో నీళ్లు తోడి పోస్తున్నారు. తోడికోడలు ఒళ్లో కుక్కరు ఉంది. సంచిలో పెడితే సొట్ట పడుతుందని విమానంలో కూడా ఒళ్లోనే పెట్టుకుంటానంది, ఒప్పుకోలేదు వాళ్లు. ట్రామ్‌లో పక్కనున్న పెద్దాయన ఆ కుక్కరు వైపు, తర్వాత ఆవిడ వైపు చూసి, గౌరవంగా జరిగి కూర్చున్నాడు. అందులో ఏముందనుకున్నాడో. మరిది నవ్వు ఆపుకోలేక నా వైపు తిరిగాడు. "వదినా, బాంబు అనుకుంటున్నాడంటావా, దేవుడనుకుంటున్నాడంటావా?" నేను నవ్వినట్టే చేసి పైలట్‌ను చూశాను. ఆయనా నవ్వుతున్నారు, తమ్ముడి జోకంటే ఆయనకు చిన్నప్పటినుంచీ ఇష్టం, తండ్రి పోయాక వాణ్ని ఎత్తుకు పెంచారు, వాడు నవ్విస్తే ఇంట్లో పొయ్యి వెలిగినట్టు. ఈ ప్రయాణం కూడా ఒక రోజు భోజనాల దగ్గర పుట్టింది. ఇన్నేళ్లూ జనాన్ని ఎక్కించుకుని ఎవరిల్లు వచ్చినప్పుడు వాళ్లని దించేశాను, ఒకసారి ఇంటినే ఎక్కించుకుని పోవాలిరా, అన్నారు పైలట్. ఊరికే అన్నారు. మరిది పట్టుకున్నాడు. సెలవు పెట్టాడు, వీధి వీధంతా చెప్పాడు, మా అన్న విదేశంలో ఇల్లు నడపబోతున్నాడని. వాడికి సైకిలు తప్ప రాదు, ఆ సైకిలు కూడా స్టాండు మీద తొక్కడమే. తోడికోడలికి అదీ రాదు. ఊరికే అన్న మాట బండెక్కి కూర్చుంది. దాన్ని దించాలంటే ఒక కారణం చెప్పాలి, ఆయనకున్న కారణం ఆయన చెప్పలేదు.

మా కార్లో నేను ఎప్పుడూ ఎడమ సీటు. స్టీరింగు కుడివైపు కదా మా దగ్గర. ఎడమ పక్క కూర్చుని, ఆటో, స్కూటరు, అదిగో గేదె, పిల్లాడు దాటుతున్నాడు, గుంట, అంటూ ఉంటాను. ఎప్పట్నుంచి మొదలుపెట్టానో తెలియదు. మొదట్లో లేదు, ఈమధ్యనే, ఈమధ్య అంటే రెండు మూడేళ్లు. ఒకటి రెండుసార్లు నేను చెప్పింది ఆయనకు పనికొచ్చి ఉంటుంది, చెప్పాక బండి నెమ్మదించి ఉంటుంది, దాంతో నాకు అలవాటై ఉంటుంది. కండక్టరూ అని పిలిచేవారు నన్ను. వెనక సీట్లోంచి మా అత్తగారు ఓసారి, "వాడికి తెలీదుటే, చెవిలో జోరీగలాగా ఏంటా నస," అన్నారు. "ఉండనీలే అమ్మా, దానికి కాలక్షేపం," అన్నారు ఈయన. ఇంకోసారి నాకు జ్వరం, మా చెల్లెలింటి నుంచి తిరిగి వస్తూ అద్దానికి తల ఆనించి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి కారు రోడ్డు పక్కన ఆగి ఉంది, ఇంజను ఆపేసి, ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎండ వాలిపోయింది. ఎంతసేపైందండీ ఆపి అంటే, "నువ్వు పడుకున్నావని ఆపాను," అన్నారు. ఆ మాట నేను ల్యాబులో చెప్పుకున్నాను, మా ఆయన నా నిద్ర కోసం కారాపి కూర్చున్నారని, పక్క బల్ల ఆవిడ కళ్లు తుడుచుకుంది కూడా. ప్రేమ అనుకున్నాను. ప్రేమ కాదని ఇప్పుడూ అనడం లేదు. నేను నిద్రపోతే ఎడమ పక్క కూడా నిద్రపోతుంది, అందుకని ఆపారేమో. రెండూ ఒకటే అయ్యుండచ్చు.

బస్సు దిగి షెడ్డు ఇన్‌ఛార్జిగా కూర్చోవడమూ అంతేనేమో. ప్రమోషను అన్నారు, నేను మిఠాయి పంచాను. ఆయనే వెళ్లి అడిగారని తర్వాత వాళ్ల ఫోర్‌మన్ భార్య చెప్పింది, నడుం నొప్పి అన్నాడటగా మీ ఆయన, అని. నడుం నొప్పి ఉన్న మనిషి నాకు ఇంట్లో కనబడలేదు. అడగలేదు నేను. అంటే బస్సులో నలభై ప్రాణాలుంటాయని దాన్ని మాత్రం వదిలేశారు, మాటల్లేకుండా, మర్యాదగా వదిలేశారు. నీళ్లు పోసుకునేటప్పుడు సీసా మూతిని ముందు గ్లాసు అంచుకు తాకించి, తాకిందని తెలిశాక వంచుతారు. ఒలక్కుండా పోస్తారు ఎంత పొందికో అనుకునేదాన్ని. ఎవరైనా ఎడమ నుంచి పిలిస్తే కళ్లతో కాక మెడతో తిరుగుతారు, కోడి తిరిగినట్టు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ కాదు. ట్యాంకరు మూత తీసినట్టయింది నాకు, వాసన వచ్చేసింది. కానీ వాసన రాయకూడదు.

పెద్ద చక్రాల తోపుడు బండిలో బిడ్డను పెట్టుకుని ఒక తల్లి ఎక్కింది. పైలట్ లేచి చోటిచ్చారు, నేనూ లేచాను. ఇద్దరం కడ్డీ పట్టుకుని నిలబడ్డాం, నేను కావాలనే ఆయన ఎడమకు వెళ్లాను. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, ఆయన ఎడమ చెవి పక్కన, జానెడు దూరంలో పట్టుకున్నాను. ఆయన ఎదురుగా ఉన్న దారి బొమ్మను చూస్తున్నారు. పట్టుకునే ఉన్నాను. తల్లి నన్ను వింతగా చూసింది. సీసాను కొంచెం ముందుకు జరిపాను, చెంపకు సమంగా. ఇంకొంచెం. చుక్క చుక్కగానే జరపాలి, తొందరపడితే లెక్క దాటిపోతుంది. కంటి కొసకు సమంగా వచ్చింది, ఏమీ లేదు. కంటి ముందుకు వచ్చింది, రెప్ప కదల్లేదు. ముక్కు దూలం దాటీ దాటకముందు, ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. "ఎప్పుడొచ్చావ్ ఇటు?" అన్నారు. "నీళ్లు," అన్నాను. "దాహంగా లేదు." సీసా సంచిలో పెట్టేశాను. ఆయన కొంతసేపు నా ముఖంలోకి చూశారు, కుడి కన్నుతో, రెండు కళ్లూ నా మీదే ఉన్నాయి గానీ చూస్తున్నది ఒకటే అని నాకిప్పుడు తెలుసు. "ఏంటి అలా చూస్తున్నావ్?" "ఊరిని చూస్తున్నా." "ఊరు అటుంది," అన్నారు కిటికీ వైపు గడ్డం ఎత్తి. రెండు స్టాపులు పోయాక మళ్లీ చేశాను, ఈసారి చేతిరుమాలుతో. అక్కడే తిరిగింది రంగు.

తెలిశాక ఊరు మళ్లీ కనబడటం మొదలైంది. తెలియనప్పటి కంటే ఎక్కువగానే. మేడలు తగ్గి గోడౌన్లు వచ్చాయి, టైర్ల కుప్పలు, బట్టల్లేని బొమ్మలు నిలబెట్టిన ఒక అద్దాల గది, బడి వదిలేసిన మైదానంలో ఎర్ర బంతి ఒకటి. పక్కనే పెద్ద రోడ్డు, ట్రామ్‌తో పాటు కార్లు పరిగెడుతున్నాయి, అద్దంలో చూస్తున్నట్టు అన్నీ తిరగబడి. నిన్న టాక్సీ ఎక్కేటప్పుడు మరిది అలవాటుకొద్దీ ముందు ఎడమ తలుపు తీశాడు, అక్కడ స్టీరింగు ముందు కూర్చుని డ్రైవరు, నవ్వి, నా ఒళ్లో కూర్చుంటావా అన్నట్టు తొడ చూపించాడు. అప్పుడందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఇప్పుడు ఆ తలుపు నాకు ఇంకోలా తెరుచుకుంది. ఇల్లుబండిలో కూడా స్టీరింగు ఎడమనే. ఆయన ఎడమ సీట్లో కూర్చుంటారు, ఆయన ఎడమ పక్క ఎవరూ ఉండరు, ఒట్టి అద్దం. ఎదురొచ్చే బండ్లన్నీ ఎడమ నుంచే వస్తాయి. నేను ఆయన కుడి పక్క కూర్చుంటాను, కనబడే పక్క, నాతో పనిలేని పక్క. హారన్ ఉండదు. కండక్టరు ఉండదు. వెనక మరిది ఉంటాడు, తోడికోడలు ఉంటుంది, కుక్కరు ఉంటుంది. రోడ్డు మీద ఆకుకూర బుట్టతో ఆ పెద్దావిడ ఉంటుంది.

చెప్పాలి. అది తేలిపోయింది, చెప్పాలా వద్దా అన్నది కాదు ఇక. ఎలా అన్నది. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు, ఆ గుట్టు పెళ్లాం నోట్లోంచే బయటపడితే లంకలో ఎవరు మిగులుతారు. మరిది ముందు చెబితే ఆయన ముఖం ఎక్కడ పెట్టుకుంటారు, పైలట్ అన్న పేరు వాడి నోట్లో ఎలా ఉంటుంది రేపట్నుంచి. చెప్పకుండా నాకే ఒంట్లో బాగోలేదని పడుకుంటే, ఒక రోజు పడుకోగలను, తర్వాత లేవాలి. ఆయన్ని పక్కకు పిలిచి చెబుదామా అంటే, నాకేమైంది, నీ ల్యాబు బుద్ధి చూపించకు అని నవ్వేస్తారు, నవ్వేస్తే నేను ఆగిపోతాను, నాకు తెలుసు, పెద్దవాళ్లు నవ్వేస్తే ఆగిపోవడం చిన్నప్పటినుంచీ నేర్చుకున్నదే. పాలు పులిశాయని కాగితం మీద రాయడం తేలిక, ట్యాంకరు డ్రైవరు ముఖం మీద చెప్పడం కష్టం. వాడు రాత్రంతా నడుపుకుని వచ్చి ఉంటాడు. వాడి తప్పేమీ ఉండదు. అయినా గేటు దాటనివ్వకూడదు.

చివరి స్టాపులో దిగింది మేమే. యార్డు పక్కనే ఉంది, కంచె లోపల తెల్లగా వరుసగా నిలబడ్డ బండ్లు, మాదాన్ని ముందుకు తెచ్చి పెట్టారు. యార్డు చూసుకునే ఆవిడ మా వయసుదే, పసుపు కోటు, చేతికి నూనె మరకలు. నేను నా ఇంగ్లీషులో అడుగుతూ, ఆవిడ తన ఇంగ్లీషులో చెబుతూ, ఇద్దరిదీ కుంటి గుర్రమే కాబట్టి బాగానే నడిచింది. నీళ్లు ఇక్కడ పోయాలి, వాడిన నీళ్లు ఇక్కడ వదలాలి, గ్యాసు ఇక్కడ మూయాలి, పడుకునేటప్పుడు ఈ కిటికీ తెరవాలి. లోపల మనం కలలో కట్టుకునే ఇల్లులా ఉంది, అన్నీ ఉన్నాయి, అన్నీ ఒక సైజు తక్కువ. తోడికోడలు కుక్కరు తీసి స్టవ్వు మీద పెట్టింది, సరిగ్గా పట్టింది, "అక్కా, పట్టింది!" అంది, ఆ ముఖం నేను చూడకుండా ఉంటే బాగుండేది. మరిది పై పరుపు ఎక్కి పడుకున్నాడు. "ఇల్లు నడపడం అంటే ఆడవాళ్ల పని అనుకున్నాం ఇన్నాళ్లూ. కానీ పైలట్, కానీ!" పైలట్ బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చారు, టైర్లను బొటనవేలితో నొక్కారు, బానెట్ మీద అరచెయ్యి పెట్టి ఒక క్షణం ఉంచారు, మా బస్సు మీద పెట్టినట్టే. పసుపు కోటావిడ, కాగితాలు తర్వాత, ముందు ఈ యార్డులో ఒక చుట్టు తిప్పి చూపించండి, అంది. ఆయన ఎడమ తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నారు. నేను కుడి నుంచి ఎక్కాను. సీటు సర్దుకున్నారు, బెల్టు పెట్టుకున్నారు, తాళం తిప్పారు. ఇంజను కూడా చప్పుడు చేయలేదు, సన్నగా వణికిందంతే.

ఎడమ ముందు చక్రం దగ్గర యార్డు పనివాడు మోకాళ్ల మీద కూర్చుని, చక్రం కింద పెట్టిన చెక్కను లాగుతున్నాడు. చెక్క వచ్చేసింది, వాడు లేచి నిలబడ్డాడు, అక్కడే, పైలట్ అద్దానికి అవతల, మూరెడు దూరంలో, చెక్క చంకలో పెట్టుకుని మా పక్కకు వీపు చేసి ఎవరితోనో చేయి ఊపుతున్నాడు. పైలట్ ముందుకు చూస్తూ గేరు కడ్డీ మీద చెయ్యి వేశారు. బండి తిరగాల్సింది ఎడమకే. నా గుండె కొట్టుకుంటుందని అనుకున్నాను, కొట్టుకోలేదు, ల్యాబులో ఉన్నట్టే ఉంది.

"ఏమండీ, ఎడమపక్క ఎవరున్నారో చెప్పండి," అన్నాను.

"ఎవరుంటారు? ఖాళీయే," అన్నారు. ముందుకే చూస్తూ అన్నారు. అని, ఆగారు. గేరు కడ్డీ మీద చెయ్యి అలాగే ఉంది. అప్పుడు మెడ తిప్పారు, కోడిలా కాదు, చాలా నెమ్మదిగా, తెలిసిన దాన్ని చూడబోతున్నట్టు. అద్దం నిండా పనివాడి నీలం చొక్కా వీపు. పైలట్ దాన్ని చాలాసేపు చూశారు. తాళం వెనక్కి తిప్పారు. వణుకు ఆగిపోయింది.

"ఎంతసేపయింది వాడొచ్చి?"

"మీరు తాళం తిప్పకముందు నుంచీ ఇక్కడే ఉన్నాడు."

పై పరుపు మీంచి మరిది తల వేలాడింది. "ఏంటి పైలట్, అప్పుడే మొరాయించిందా ఇల్లు?" నా నోట్లో నడుం నొప్పి అన్న మాట సిద్ధంగా ఉంది, ఫోర్‌మన్ భార్య ఇచ్చిన మాట, అది అనేస్తే ఈ పూటకు గడిచిపోతుంది, అందామని నోరు తెరిచాను. ఆయన అద్దంలోంచి తమ్ముణ్ని వెతికారు, దొరకలేదు, కుడి భుజం మీదుగా పూర్తిగా వెనక్కి తిరిగారు.

"ఒరేయ్, నాకు ఎడమ కన్ను ఆనట్లేదురా. చాన్నాళ్లైంది. అందుకే బస్సు దిగాను."

మరిది కిందికి దిగాడు. ఒక జోకు వస్తుందని నేను చూశాను, వాడూ చూసినట్టున్నాడు, రాలేదు. "డాక్టరు దగ్గరికి వెళ్లావా అన్నయ్యా?" అన్నాడు. వాడు అన్నయ్యా అని ఆయన్ని పిలిచి ఎన్నేళ్లయిందో. "వెళ్లాను. అది ఇక రాదట. రెండోది బాగానే ఉంది, దాన్ని చూసుకోమన్నాడు." తోడికోడలు స్టవ్వు మీది కుక్కరును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది, తీయాలా ఉంచాలా అన్నట్టు. బయట పసుపు కోటావిడ గడియారం చూసుకోలేదు, మా వైపూ చూడలేదు, పక్క బండి అద్దం తుడుస్తోంది. పైలట్ బెల్టు తీసేశారు. తీసి, నా వైపు తిరిగారు.

"నీ పర్మిట్ కూడా తెచ్చావుగా?"

"తెచ్చాను." ఆయనకు దాని సంగతి ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు. కాగితాల సంచి ఇంట్లో బీరువా మీదే ఉండేది, అందరికీ అందేలా.

"ఇంత బండి నువ్వెప్పుడూ నడపలేదు."

"లేదు."

"ఊఁ," అన్నారు. తలుపు తీసుకుని దిగారు. నేనూ దిగాను. బండి ముందు నుంచి చుట్టి ఆయన ఇటు వస్తున్నారు, నేను అటు వెళ్తున్నాను. మధ్యలో ఎదురుపడ్డాం. బానెట్‌కీ ఆయనకీ మధ్య ఇరుకు, ఎడమవైపు యార్డంతా ఖాళీ. నేను ఇరుకులోంచే వెళ్లాను, ఆయన కుడి భుజం రాసుకుంటూ. ఎడమ సీటు ఎక్కి కూర్చుంటే కాళ్లు ఎక్కడో ఉన్నాయి, పెడళ్లు ఎక్కడో ఉన్నాయి. అద్దం ముందు ఇంత లోకం ఉంటుందని పక్క సీట్లోంచి తెలియలేదు. పనివాడు వెళ్లిపోయాడు. ఎవరూ లేరని ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి, మళ్లీ ఎడమకు చూశాను. కుడి తలుపు మూసుకుంది, ఈ ఊరి తలుపులన్నిటిలాగే చప్పుడు లేకుండా.

"సీటు ముందుకు జరుపుకో," అన్నారు పైలట్. "కింద కడ్డీ ఉంటుంది. పైకి లాగి పట్టుకుని, కాళ్లతో జరుగు."

జరిగాను.

"ఇంకొంచెం," అన్నారు.